గరిటముక్కు పిట్ట తలెత్తిన రోజు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక సరుగుడు అడవి. అడవి అన్నాను కదా అని పులులూ సింహాలూ ఉంటాయనుకోకండి పిల్లలూ. ఉప్పుగాలి, ఇసుక, కాళ్ళకు గుచ్చుకునే సరుగుడు కాయలు, అంతే. ఒకప్పుడు ఒక పులి వచ్చి చూసిందట. ఇక్కడ రాజుగా ఉండటం కంటే ఇంకోచోట మామూలుగా ఉండటమే నయమని సాయంత్రానికల్లా వెళ్ళిపోయిందట.

ఆ అడవి పక్కనే ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట పెద్ద బురద మైదానం ఉంది. దాన్ని అక్కడ పర్ర అంటారు. పోటు వస్తే పర్ర మునుగుతుంది. ఆటు వస్తే నీళ్ళు వెనక్కి తీసి, పర్ర బయటపడుతుంది. బయటపడ్డ బురదలో పురుగులు, చిట్టి రొయ్యలు, పీతపిల్లలు బోలెడు. వాటికోసం ఎక్కడెక్కడి పిట్టలో దిగుతాయి. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి దక్షిణం నుంచి ఇంకొన్ని వచ్చి కలుస్తాయి. అన్నీ కలిసి పొట్టలు నింపుకొంటాయి. పైరగాలి తిరిగి దక్షిణం నుంచి వీచగానే ఉత్తరానికి లేచిపోతాయి.

ఆ అడవి జంతువులకు వేరే పండగలు లేవు. ఆ పిట్టల్ని చూడటమే పండగ. పగలంతా చూసేవారు. సాయంత్రం ఇసుకలో సగం కూరుకుపోయిన పాత పడవ దగ్గర చేరి, ఎవరు ఏం చూశారో చెప్పుకునేవారు. విని తీర్పు చెప్పేది కూర్మమ్మ అనే తాబేలు. ఆమె వయసెంతో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళు ఉన్నారు. కానీ ఆమె ఆలోచించి జవాబు చెప్పేలోగా చీకటి పడిపోయేది.

కూర్మమ్మ దగ్గర రెండే నియమాలు. ఒక జత కళ్ళు చూస్తే అది ముచ్చట, రెండు జతల కళ్ళు చూస్తేనే నిజం. ఇది మొదటిది. నాచుగీత దాటకూడదు. ఇది రెండోది. పెద్దపోటు వచ్చి వెనక్కి వెళ్ళేటప్పుడు ఒడ్డు పొడుగునా ఎండునాచు, చిల్లపెంకులు వరసగా వదిలిపోతుంది కదా, అదే నాచుగీత. గీతకు ఇవతల చూసేవాళ్ళు. అవతల పిట్టలు.

ఏటా, అంతవరకూ ఎవరూ చూడని పిట్టను చూసినవాళ్ళకు కూర్మమ్మ ఒక శంఖం ఇచ్చేది. ఏడాది పాటు పడవ మొన మీద కూర్చునే హక్కు కూడా ఇచ్చేది. అక్కడ కూర్చుంటే నాలుగు దిక్కులూ కనిపిస్తాయి. అంతకుమించి దానివల్ల ఏ లాభమూ లేదు. కాబట్టి అందరూ దానికోసం ప్రాణం పెట్టేవారు.

అందరికంటే ఎక్కువ ప్రాణం పెట్టినవాడు నిక్కన్న. నిక్కన్న ఒక ముంగిస. వాళ్ళ వంశంలో అందరూ పాముల పని చూసుకునేవాళ్ళే. ఇతనొక్కడే పిట్టల వైపు తిరిగాడు. అందుకు వాళ్ళమ్మ చాలా బాధపడింది. వెనక కాళ్ళ మీద నిక్కి నిలబడితే నిక్కన్న కళ్ళకు పర్ర అవతలి గట్టు మీది పీత కూడా కనిపించేది. అయినా ఆరేళ్ళుగా పడవ మొన అతనికి దక్కలేదు. పోయినేడు సింహాచలానికి దక్కింది. సింహాచలం కుందేలు. కళ్ళు తెరిచి నిద్రపోతాడు. అలా నిద్రపోతుంటే ఎదురుగా ఒక రాజహంస దిగింది. దాన్ని చూసిన సంగతి అతనికే తెలియదు. పక్కనున్న ఉడత లేపి చెప్తే తెలిసింది. తీర్పు విన్నాక నిక్కన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇలా ఉండగా, ఒకనాటి ఉదయం దక్షిణం నుంచి ఒక చిన్న గుంపు పర్ర మీద దిగింది. అందులో అన్నిటికంటే వెనక, అన్నిటికంటే బక్కగా ఒక పిట్ట వచ్చింది. పిచ్చుకంత ఉంది. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట. అలాంటివి అక్కడ వంద ఉన్నాయి. కానీ ఆ పిట్ట దిగుతూనే ఒకసారి బురదలో పొడిచి, నిక్కన్న వైపు మొహం తిప్పి, తలెత్తి, ముక్కుకంటిన బురద విదిలించింది. ముక్కు చివర గరిట ఉంది.

నిక్కన్న కళ్ళు నులుముకున్నాడు. మళ్ళీ చూసేసరికి పిట్ట ముక్కు బురదలో పెట్టేసింది. ఇక ఆ రోజంతా తియ్యలేదు.

సాయంత్రం పడవ దగ్గర నిక్కన్న అందరికంటే ముందు నిలబడ్డాడు.

"మామ్మా, ఈరోజు నాను సూసిన పిట్టని ఇంతవరకూ ఎవులూ సూడనేదు," అన్నాడు.

"ఎలగుంటాది నాయినా?" అని అడిగింది కూర్మమ్మ.

"పిచ్చుకంత ఉంటాది మామ్మా. ముక్కు సివర గరిటుంది."



"గరిటా?" అన్నాడు బంగారయ్య. బంగారయ్య ఉడుము. ఏ విషయమైనా పట్టుకుంటే వదలడు. "గరిటా, అట్లకాడా? సరిగ్గా సెప్పు."

నిజం చెప్పాలంటే అది అట్లకాడకే దగ్గరగా ఉంది. కానీ నిక్కన్న అప్పటికే గరిట అనేశాడు. "గరిటే," అన్నాడు గట్టిగా.

"అయితే మనకి వడ్డించడానికి వచ్చిందేమో బావా," అన్నాడు సింహాచలం. అందరూ పగలబడి నవ్వారు. ఉడత నవ్వలేక కొమ్మ మీంచి జారిపడింది.

కూర్మమ్మ నవ్వలేదు. "ఇంకెవులు సూసారు?" అని అడిగింది.

"ఎవులూ నేదు."

"అయితే ముచ్చట. బాగుంది నీ ముచ్చట. రెండో జత కళ్ళు తీసుకురా, నిజమౌతాది," అంది. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. నిక్కన్నకు మాత్రం ఆ నవ్వు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

మర్నాడు నీళ్ళు తీసే వేళకు నిక్కన్న సింహాచలాన్ని వెంటపెట్టుకుని నాచుగీత దగ్గరకు వెళ్ళాడు. పర్ర నిండా పిట్టలు. రెండువందలుంటాయి. అన్నిటి తలలూ కిందికే ఉన్నాయి.

"ఏది బావా?" అన్నాడు సింహాచలం.

"అదిగో, ఎడంపక్క నుంచి పదమూడోది."

"అది కదిలిపోనాది. ఇప్పుడు పదహారోదా?"

"దాన్నే సూడు. తలెత్తుతాది. ఎదురుగా తలెత్తితేనే గరిట కనపడతాది. పక్కనుంచి సూస్తే అన్నిట్లాగే ఉంటాది."

చూశారు. పిట్ట తలెత్తలేదు. ముక్కు బురదలో దింపి అటూ ఇటూ ఊపుకుంటూ తింటూనే ఉంది. ఒక జాము గడిచింది. సింహాచలం కదలకుండా చూస్తున్నాడు. అంత శ్రద్ధగా చూస్తున్నందుకు నిక్కన్నకు ముచ్చటేసింది. తర్వాత గుర్రు వినపడింది.

నిక్కన్న సింహాచలాన్ని కుదిపి లేపాడు. తన ఎడమ కాలు గీత దాటించాడు. ఏమీ కాలేదు. మిగతా మూడు కాళ్ళూ దాటించాడు. పది అడుగులు వేసి గట్టిగా దగ్గాడు.

రెండువందల పిట్టలూ ఒక్కసారి లేచాయి. పర్ర మీద ఒక చుట్టు, సముద్రం మీద ఇంకో చుట్టు తిరిగి, దూరంగా నీళ్ళ మధ్య ఉన్న ఇసుక తిప్ప మీద వాలాయి. తిరిగి తిండికి వద్దామనుకునేసరికి పోటు తగిలి పర్ర మునిగిపోయింది.

"సూసినావా?" అన్నాడు నిక్కన్న.

"రెక్కలు సూసినాను బావా," అన్నాడు సింహాచలం. "రెక్కలకి గరిటలు నేవు."

ఆ సాయంత్రం నిక్కన్న పడవ దగ్గరకు వెళ్ళలేదు. గీత పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. అప్పుడు ఆ పిట్టే ఎగిరొచ్చి, గీతకు అవతల నాలుగు బారల దూరంలో వాలింది. ఎదురుగా నిలబడి తలెత్తింది. గరిట స్పష్టంగా కనిపించింది. నిక్కన్న చుట్టూ చూశాడు. ఒక్క ప్రాణి లేదు. అందరూ పడవ దగ్గర తనను చూసి నవ్వడానికి ఎదురుచూస్తున్నారు.

"పొద్దున దగ్గింది నువ్వేనా?" అని అడిగింది పిట్ట.

"నానేనమ్మా. నాపేరు నిక్కన్న," అన్నాడు అతను. ఆమె పేరు అడగాలని తోచలేదు. మనసులో అప్పటికే గరిటమ్మ అని పెట్టేసుకున్నాడు.

"నిక్కన్నా, నువ్వు గీత దాటితే నా పక్కవాళ్ళు లేస్తారు. వాళ్ళు లేస్తే నేనూ లేవాలి. అది మా అలవాటు. లేచిన ప్రతిసారీ ఒక పూట తిండి పోతుంది. మిగతావాళ్ళు చలికాలమంతా ఇక్కడే తిని బలిసి ఉన్నారు. నేను చివర వచ్చాను. పైరగాలి తిరిగేలోగా నేనూ వాళ్ళంత లావు కావాలి. దారిలో ఎక్కడా తినడానికి ఉండదు."

"మీది ఏ ఊరు?"

"ఉత్తరాన, ఇక భూమి లేనంత దూరం. అక్కడ మంచు కరిగి నెలన్నర ఎండ కాస్తుంది. ఆ నెలన్నరలోనే గూడు కట్టాలి, గుడ్లు పెట్టాలి, పిల్లల్ని పెంచాలి. పోయినేడు పెట్టిన గుడ్లు మంచులో పోయాయి. మా ఆయన వేరే తీరం నుంచి బయలుదేరతాడు. ఇద్దరం అక్కడే కలుస్తాం. నేను ఆలస్యమైతే ఇంకొకరితో గూడు కట్టేస్తాడు. చెడ్డవాడేం కాదు. వేసవి చిన్నది."

నిక్కన్నకు జాలేసింది. అయినా అసలు సంగతి అడగకుండా ఉండలేకపోయాడు. "నువ్వే ఒకసారి మా పడవ దగ్గరకి రారాదా? అందరూ సూసేస్తారు."

"ఎవరెవరుంటారు అక్కడ?"

"నానుంటాను. ఉడుము, నక్క, అడవిపిల్లి..." చెప్తూ చెప్తూ నిక్కన్నే ఆగిపోయాడు.

"నేనిక్కడే బాగున్నాను," అంది గరిటమ్మ. "మూడు రోజుల్లో పున్నమి. పున్నమి పోటుకు మా ఇసుక తిప్ప మునిగిపోతుంది. నీళ్ళే మమ్మల్ని తోసుకుంటూ మీ గీత దాకా తెస్తాయి. ఆ పూట తిండి ఉండదు కాబట్టి తలెత్తుకునే నిలబడతాం. ఎంతమంది వచ్చినా చూడండి. కావాలంటే అటూ ఇటూ తిరిగి చూపిస్తాను."

"ఈలోగా పైరగాలి తిరిగిపోతే?"

"తిరిగితే వెళ్ళిపోతాం."

నిక్కన్న కాసేపు ఆలోచించాడు. "సరే. మూడు రోజులూ గీత దాటను," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అది మాత్రం అతని తరఫున చెప్పాలి.

మర్నాడు పొద్దున లేచేసరికి సరుగుడు కొమ్మలు కొంచెం ఊగుతున్నాయి. దక్షిణం వైపు నుంచేనేమో అనిపించింది. నిక్కన్న గుండెలో రాయి పడింది. అదే సమయానికి బంగారయ్య వచ్చాడు.

"పద, నాను సూస్తాను," అన్నాడు ఉడుము. "నా సూపు పడితే వదల్దు."

"పున్నమికి సూద్దాం మావా. గీత దాకా వాళ్ళే వస్తారు."

"ఎవులు సెప్పారు?"

"ఆ పిట్టే సెప్పింది."

బంగారయ్య అతన్ని పై నుంచి కింది దాకా చూశాడు. "గరిటున్న పిట్ట. అది నీతో మాటాడింది. పున్నమికి రమ్మంది," అన్నాడు నెమ్మదిగా. "ఒరే నిక్కా, అబద్ధమని ఒప్పేసుకో. నాలుగు రోజులకి మరిసిపోతాం. ఇలగే లాగితే సచ్చేదాకా నిన్ను గరిట నిక్కన్న అంటారు."

గరిట నిక్కన్న! ఆ మాట ముల్లులా దిగింది. ఇద్దరూ గీత దగ్గరకు వెళ్ళారు. గరిటమ్మ తల దించి తింటోంది. నిక్కన్న గీత దాటలేదు. మాట ఇచ్చాడు కదా. గీత ఇవతలే నిలబడి ఒక చిల్లపెంకు విసిరాడు.

పిట్టలన్నీ లేచాయి. బంగారయ్య ఏమీ చూడలేదు. అవి తిరిగి వాలాక నిక్కన్న ఇంకో పెంకు విసిరాడు. బంగారయ్య కంట్లో ఇసుక పడింది. మూడోసారి విసిరాక పిట్టలు తిప్ప దాటి కనుచూపు మేర అవతలకు పోయాయి. ఆ పూటకు మళ్ళీ రాలేదు.

"ఏదో పుల్లలాటిది కనపడినాది," అన్నాడు బంగారయ్య. "గరిట మాత్రం కాదు."

సాయంత్రం గరిటమ్మ మళ్ళీ వచ్చి వాలింది. నిన్నటి కంటే చిన్నగా కనిపించింది.

"నాను గీత దాటనేదు," అన్నాడు నిక్కన్న ఆమె అడగకముందే.

"లేదు. పెంకు దాటింది," అంది గరిటమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడటానికి కూడా ఒంట్లో కొంచెం శక్తి కావాలి. "నిక్కన్నా, ఇంక రెండే రోజులు. రేపు, ఎల్లుండి. రేపు రెండు ఆటుల్లోనూ కడుపునిండా తింటే నేను వెళ్ళగలను. రేపు మాత్రం వదిలెయ్. నా ముక్కు నువ్వు చూశావు, నేనున్నానని నీకు తెలుసు. అది చాలదా?"

"నాకు సాలు," అన్నాడు నిక్కన్న. "ఆళ్ళకి సాలదు."

ఆ రాత్రి అతను అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. రేపే గాలి తిరిగితే? గరిటమ్మ వెళ్ళిపోతుంది. వచ్చే ఏడు వస్తుందో రాదో. తను మాత్రం ఇక్కడే ఉంటాడు, గరిట నిక్కన్నగా. ఆమెకు ఒక పూట తిండి పోతే పోతుంది, మళ్ళీ తింటుంది, తనకు పోయిన పరువు మళ్ళీ వస్తుందా? ఇలా లెక్క వేసుకున్నాడు. లెక్కలో తన పరువు ఒకవైపు పెట్టాడు, ఆమె ఒక పూట తిండి ఇంకోవైపు పెట్టాడు. పిల్లల్ని, గూటిని, మంచును పెట్టడం మరిచిపోయాడు. పెడితే లెక్క తేలదని అతనికి లోలోపల తెలుసు.

తెల్లవారగానే అడవంతా తిరిగి అందరినీ పిలిచాడు. కుందేలు, ఉడుము, ఉడత, నక్క, అడవిపిల్లి, వాటి పిల్లలు, అన్నీ కలిసి పదకొండు ప్రాణులు వచ్చి గీత వెంబడి వరసగా కూర్చున్నాయి. కూర్మమ్మ కూడా బయలుదేరింది కానీ ఇంకా దారిలోనే ఉంది.

"అందరూ కళ్ళు ఆర్పకుండా సూడండి," అన్నాడు నిక్కన్న. గీత దాటి పరుగెత్తాడు.

మిగతా పిట్టలన్నీ లేచి దూరంగా వాలి, తిండి తినడం మొదలుపెట్టాయి. వాటిని అతను పట్టించుకోలేదు. గరిటమ్మ ఎక్కడ వాలితే అక్కడికి పరుగెత్తాడు. ఆమె లేచింది. వాలింది. అతను మళ్ళీ పరుగెత్తాడు. ఆమె మళ్ళీ లేచింది. బురద అతని మీసాల దాకా అంటింది. ఆటు మొత్తం ఇలాగే గడిచింది. ప్రతిసారీ ఆమె లేచే ఎత్తు తగ్గుతూ వచ్చింది. చివరికి గీతకు ఎదురుగా, అందరికీ కనిపించేంత దగ్గరలో వాలి, ఇక లేవలేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటూ, తలెత్తి నిక్కన్న వైపు చూసింది.

"గరిట!" అని అరిచాడు సింహాచలం.

"అట్లకాడ!" అన్నాడు బంగారయ్య. "నాను ముందే సెప్పినాను!"

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. తర్వాత నిక్కన్నను ఎత్తుకుని పడవ దాకా మోసుకెళ్ళారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సింది చూసేశారు కదా. పర్ర మీద అప్పటికి నీళ్ళు ఎక్కుతున్నాయి.

కూర్మమ్మ సాయంత్రానికి పడవ దగ్గరకు చేరింది. పదకొండు మంది సాక్ష్యమూ విడివిడిగా విన్నది.

"నిజమే," అంది. "శంఖం తీసుకో నాయినా. పడవ మొన నీదే."

నిక్కన్న శంఖం అందుకున్నాడు. "మామ్మా, నాను గీత దాటినాను," అన్నాడు. ఎందుకు చెప్పాడో అతనికే తెలియలేదు.

"బురద సూస్తే తెలుస్తన్నాది."

"దానికి శిచ్చ ఏటి?"

"ఏటీ నేదు," అంది కూర్మమ్మ. ఆ మాట వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. నిక్కన్నకు మాత్రం ఎందుకో ఆ చప్పట్లు నచ్చలేదు.

తెల్లవారితే పున్నమి. పొద్దున్నే పెద్దపోటు వచ్చింది. పర్ర మునిగింది. ఇసుక తిప్ప మునిగింది. నీళ్ళు పిట్టల్ని తోసుకుంటూ తోసుకుంటూ నాచుగీత దాకా తెచ్చాయి. రెండువందల పిట్టలూ గీతకు అవతల నాలుగు బారల్లో, తలలెత్తుకుని వరసగా నిలబడ్డాయి. వరస చివర గరిటమ్మ ఉంది. మొహం ఇటే ఉంది.

పడవ మొన మీద కూర్చున్న నిక్కన్న అది చూశాడు. కిందికి దిగి అందరినీ పిలిచాడు.

"నిన్ననే సూసేసినాం కదా బావా," అన్నాడు సింహాచలం ఆవలిస్తూ. బంగారయ్య గట్టుమీద ఎండకు పడుకుని తల కూడా తిప్పలేదు. కూర్మమ్మ ఒక్కర్తే గీత దగ్గర కూర్చుని తాపీగా చూస్తోంది.

"మామ్మా, ఈళ్ళు పున్నమికి గీత దాకా వస్తారని నీకు తెలుసా?" అని అడిగాడు నిక్కన్న.

"ఏటా వస్తారు. ఏటా సూస్తాను."

"మరి ముందే సెప్పొచ్చు కదా!"

కూర్మమ్మ అతని వైపు తిరిగింది. తిరగడానికి కొంత సమయం పట్టింది. "రెండో జత కళ్ళు తీసుకురమ్మన్నాను నాయినా. బేగి తీసుకురమ్మన్నేదు," అంది.

ఆ సాయంత్రం పైరగాలి తిరిగింది. ఈసారి అనుమానం లేదు. సరుగుడు కొమ్మలన్నీ ఉత్తరానికి వంగాయి. పర్ర మీద పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకున్నాయి. పొద్దు కుంకుతుండగా గుంపంతా లేచింది. పడవ మొన మీద నుంచి నిక్కన్నకు అంతా బాగా కనిపించింది. అంత బాగా ఇంకెక్కడి నుంచీ కనిపించదు.

గుంపు చివర గరిటమ్మ కూడా లేచింది. నిక్కన్న మొన మీద నిక్కి నిలబడ్డాడు. పో తల్లీ, పో, అనుకున్నాడు. గుంపు నీళ్ళు దాటింది. ఎత్తుకెక్కింది. గరిటమ్మకూ గుంపుకూ మధ్య ఒక రెక్క దూరం వచ్చింది. తర్వాత ఒక కొబ్బరిచెట్టు దూరం. తర్వాత ఒక పొలం దూరం. గుంపు ఆగలేదు. వేసవి చిన్నది కదా. ఆమె కాసేపు గాలిలో ఒక్కతే రెక్కలాడించింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, కిందికి దిగి, పర్ర మీద వాలింది.

నిక్కన్న పడవ మొన మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

మర్నాడు అడవంతా ఆ సంగతి తెలిసింది. అందరూ సంబరపడ్డారు. మిగతా పిట్టలన్నీ వెళ్ళిపోయినా, గరిటముక్కు పిట్ట మాత్రం మన పర్ర మీదే ఉండిపోయింది! చైత్రం వచ్చింది, ఉంది. వైశాఖం వచ్చింది, ఉంది. పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూపించారు. పక్క అడవుల నుంచి చుట్టాలొచ్చారు. అంత దగ్గరగా, అంత తీరుబడిగా గరిటముక్కు పిట్టను చూసిన అడవి ఇంకొకటి లేదు. అదంతా నిక్కన్న చలవేనని అందరూ మెచ్చుకున్నారు. గరిట నిక్కన్న అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు.

నిక్కన్న పడవ మొన దిగిపోయాడు. నాచుగీత మీద, సముద్రానికి వీపు పెట్టి, అడవి వైపు మొహం పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళను గీత దగ్గరే ఆపేవాడు. ఊరికుక్కలు పర్ర మీదకు దిగబోతే ఒంటికాలి మీద లేచి తరిమేవాడు. అతని భుజం మీద రెండు కాట్లు పడ్డాయి.

జ్యేష్ఠంలో ఒక ఉదయం వెనకనుంచి గరిటమ్మ పిలిచింది.

"నిక్కన్నా."

"ఏటమ్మా?" అన్నాడు, తిరగకుండానే.

"పోయిన ఒళ్ళు మళ్ళీ రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఇప్పుడు బాగా లావెక్కాను."

అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అయితే ఎగరగలవా? ఇప్పుడెళ్ళిపోవచ్చా?"

"ఎగరగలను. కానీ ఇప్పుడు వెళ్ళి చేరేసరికి అక్కడ పిల్లలు పెరిగిపోయి గూళ్ళు ఖాళీ చేస్తుంటారు. వెళ్ళి ఏం చేయను?"

"నా వల్లే తల్లీ. నా మాట నెగ్గాలని నీ వేసవి తీసేసినాను," అన్నాడు.

"అవును," అంది గరిటమ్మ. కాదు అనలేదు. ఆమెకు అబద్ధాలాడటం అలవాటు లేదు. మళ్ళీ తనే అంది: "నన్ను చూడటానికి అంత తాపత్రయపడ్డావు. మూడు నెలలుగా ఒక్కసారైనా ఇటు తిరగలేదేం? ఇప్పుడు నాకు తొందరేం లేదు. ఎదురుగా నిలబడి తలెత్తుతాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకో."

ఆరేళ్ళుగా పిట్టల కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన నిక్కన్న ఇసుకలోకి తల దించుకున్నాడు.

"వద్దమ్మా," అన్నాడు. "నువ్వు తిను."

నీతి: నలుగురూ మన మాట నమ్మాలని ఇంకొకరి నోటి దగ్గరి కూడు తీయకూడదు.